సెలవుల్లో పిలకాయల చేత పుస్తకం పట్టించేదెట్టా?

కందుకూరు అమ్మ:
మా వాడు ఐదులోకి వస్తాడు, ఇంగ్లీష్ మీడియం. పొద్దున తొమ్మిది దాకా క్రికెట్, ఆ తర్వాత ఈ ఎండకి బయటికి పంపలేం కాబట్టి సాయంత్రం దాకా చేతిలో ఫోనే. తిట్టి చూశాను, లాభం లేదు. పేజీకి రెండు రూపాయలిస్తానని ఆశ పెడితే బొమ్మలెక్కువ, అక్షరాలు తక్కువ ఉన్న పుస్తకాలన్నీ ఏరుకుని ఒక్క పూటలో నలభై రూపాయలు లాగాడు. ఏం చదివావురా అంటే నోరు పెగల్లేదు. తెలుగైతే మరీ ఘోరం, ఒత్తు కనిపిస్తే ఆగిపోతాడు. నాకైతే టెన్షన్‌గా ఉంది.

కావలి ట్యూషన్ సారు:
ముందు ఆ డబ్బుల బేరం మానేయమ్మా. రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక ఓ పావుగంట మీరే చదివి వినిపించండి. ఇంత పిల్లాడికి చదివి వినిపించడమేంటి అనుకోవద్దు, ఒత్తుల దగ్గరే వాడి ఓపికంతా అయిపోతుంటే ఇక కథ ఎక్కడ బుర్రకెక్కుతుంది? దయ్యం తలుపు కొట్టిందనగా ఆపేసి, పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్లిపోండి. పుస్తకం మాత్రం అక్కడే వదిలేయండి. మా కావలాయన ఖదీర్‌బాబు రాసిన ‘పోలేరమ్మ బండ కతలు’ తెచ్చుకోండి, అన్నీ చిన్నపిల్లాడి ముచ్చట్లే, మనం ఇంట్లో మాట్లాడే మాటలే. ముందు మీరు చదివి వాడికి నప్పేవి ఏరుకోండి.

ఒంగోలు బాబాయ్:
లైబ్రరీ ఊసెత్తరేం ఎవరూ? ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతూనే ఉన్నాం కదా! పిల్లాణ్ణి తీసుకెళ్లి మెంబర్‌గా చేర్చండి. శుక్రవారం మాత్రం పోవద్దు, సెలవు. మా బ్రాంచిలో ఫ్యాను తిరిగిన రోజు పండగే అనుకోండి, అయినా పుస్తకం వాడే ఏరుకోవాలి, అదీ ముఖ్యం. క్రికెట్ పత్రిక తీసినా మీరు మొహం చిట్లించకూడదు.

నెల్లూరు పిన్ని:
ఫోన్ ఎలాగూ వదలడంటున్నారు కాబట్టి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి, తెలుగు కథలు ఉచితం. నాలుగు స్థాయిలుంటాయి. ఐదో తరగతని నాలుగో స్థాయి దగ్గర మొదలెట్టకండి, తెలుగులో వెనకబడ్డాడంటున్నారు కాబట్టి రెండు నుంచి ఎత్తుకోండి.

ఒంగోలు బాబాయ్:
ఫోన్లో కథ అంటే పది నిమిషాల్లో వీడియోల్లోకి జారిపోతాడు తల్లీ, మా మనవడి దగ్గర చూశాను. పక్కన మనిషి కూచోవాల్సిందే.

కందుకూరు అమ్మ:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నా. లైబ్రరీకి ఇంకా పోలేదు, మా ఆయనకి తీరిక దొరకలేదు. సారు చెప్పినట్టే దయ్యం దగ్గర ఆపి వంటింట్లోకి పోయాను (పొయ్యి మీద పాలేం లేవు). కాసేపు నన్ను పిలిచాడు, పలకలేదు. వాళ్ల నానమ్మ దగ్గరికి పుస్తకం పట్టుకుపోయాడు. ఆమెకి ఈమధ్యే కంటి ఆపరేషన్ అయింది, చదవలేదు. నువ్వే చదువు నాయనా అంది. కూడబలుక్కుంటూ పేజీన్నర చదివాడు, తలుపు కొట్టింది పిల్లి అని తెలిసి ఇద్దరూ ఒకటే నవ్వు. ఇవాళ అన్నం తినకముందే పుస్తకంతో నానమ్మ మంచమెక్కాడు. నన్ను రావద్దంటున్నాడు, మధ్యలో లేచిపోతానంట.