సమస్య: "పుస్తకమ్ము చదువ బుద్ధి చెడును"

కవిమిత్రులకు నమస్కారం. పైన ఇచ్చిన సమస్యా పాదాన్ని కలుపుకొని పద్యం పూర్తిచేయాలి, అదే పూరణ. ఈసారి ఛందస్సు ఆటవెలది. ఇచ్చిన పాదాన్ని రెండో పాదంగానైనా నాలుగో పాదంగానైనా వాడుకోవచ్చు. నన్ను తీర్చిదిద్దినవి పుస్తకాలే. ఈ పాదం రాస్తుంటే మనసొప్పలేదు. దీన్ని చక్కదిద్దే భారం మీదే.

పూరణ – 1

చదువరులను జూచి జను లెగతాళిగ
"పుస్తకమ్ము చదువ బుద్ధి చెడును"
యనుట కల్ల సుమ్మ! యక్షరమ్మే కదా
మనసు చీఁకటులను మాపు వెలుఁగు.

స్పందన: ధార బాగుంది, యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే అక్షరమైత్రి) కుదిరాయి. అయితే "చెడును" తర్వాత "యనుట" చెల్లదండీ. సంధి చేస్తే "చెడు ననుట" అవుతుంది, యడాగమానికి (మధ్యలో "య" చేరడానికి) చోటు లేదు. మూడో పాదాన్ని "వట్టిమాట యిద్ది! పట్టిన పొత్తమే" అంటే ప్రాసయతితో ("వట్టి", "పట్టి" అని రెండో అక్షరాలు కలిసే యతితో) గట్టెక్కుతుంది. ఇంకో మాట. "అనుట కల్ల" అని తోసిపుచ్చడం దగ్గరి దారి. ఆ పాదం నిజమయ్యే సందర్భం వెతికితే పూరణకు బలం వస్తుంది.

పూరణ – 2

మౌనముగను నీతి మనకుఁ జెప్పున దేది?
యేమి చేయ లోన నెఱుక గలుగు?
దుర్జనులనుఁ గూడఁ దుదకేమి యౌనయా?
పుస్తకమ్ము, చదువ, బుద్ధి చెడును.

స్పందన: చక్కని క్రమాలంకారం: మూడు ప్రశ్నలకూ చివరి పాదంలో వరుసగా జవాబులు. "మౌనముగను" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. రాత మీద సోక్రటీసు ఫిర్యాదు సరిగ్గా ఇదే: ప్రశ్న అడిగితే రాసినది మౌనంగా ఉండిపోతుందని. ఆయన ఏమీ రాయలేదు. ఆ ఫిర్యాదు దాదాపు 2,400 ఏళ్ళ తర్వాత మనదాకా వచ్చిందంటే, శిష్యుడు ప్లేటో రాసిపెట్టబట్టే. ఆ మౌనాన్నే మీరు గుణంగా చూపించారు. మూడో ప్రశ్న మాత్రం చదువుకు కాస్త దూరం జరిగింది.

పూరణ – 3

పెక్కు చదువ మాని పిడివాదమును బట్టి
ప్రశ్న వేయకుండఁ బలుకు నమ్మి
చాలు నిదియె యనుచు జగతిలో నొక్కటే
పుస్తకమ్ము చదువ బుద్ధి చెడును.

స్పందన: శభాష్! పాదాన్ని ఖండించకుండానే నిలబెట్టారు.

ఒక సభ్యురాలు: నాదో అభ్యంతరం గురువుగారూ. ఒకే గ్రంథాన్ని జన్మంతా మననం చేసి పండితులైనవారు లేరా? స్పానిష్ రచయిత సెర్వాంటెస్ నవలలో (1605) కథానాయకుడు డాన్ క్విక్సోట్ దగ్గర వందకు పైగా పెద్ద పుస్తకాలున్నాయి. వీరగాథలు రాత్రింబవళ్ళు చదివీ చదివీ అతని మతి తప్పింది. తప్పు సంఖ్యది కాదు, చదివినదంతా నిజమని నమ్మడానిది.

స్పందన: ఒప్పుకుంటున్నానమ్మా. ఈ పద్యానికి ప్రాణం రెండో పాదంలోనే ఉంది.

మూడో పూరణ కవి: అమ్మగారి మాట విని మొదటి, మూడో పాదాలు మార్చాను.

తర్క మింత లేక తలయూఁచు వాఁడయి
ప్రశ్న వేయకుండఁ బలుకు నమ్మి
వ్రాసి యున్నదెల్ల వాస్తవ మని యెంచి
పుస్తకమ్ము చదువ బుద్ధి చెడును.

స్పందన: భావం నిక్కచ్చి అయింది. కాకపోతే "పలుకు నమ్మి", "వాస్తవ మని యెంచి" రెండూ ఒకే మాట. ఒకదాన్ని తీసేసి, ఆ చోట ఎలా చదవాలో చెప్పండి. అది వినాలని ఉంది.