నడుం నొప్పికి మళ్లీ కరెంటు పెట్టించాలా?

తెనాలి_శీను:
అమ్మకు 60 ఏళ్లు. రెండేళ్లుగా నడుం నొప్పి. ఎమ్మారైలో డిస్క్ ఉబ్బిందన్నారు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఒక ఫిజియో సెంటర్‌లో పది రోజులు కరెంటు పెట్టించాం, రోజుకు 300. ఆ పది రోజులూ హాయిగా ఉంది. ఇంటికొచ్చిన వారానికే మళ్లీ మొదలు. ఇంకో పది సిట్టింగులు రమ్మంటున్నారు. వెళ్లమంటారా?

ఫిజియో_రమ:
వద్దండి. మూడు నెలలు దాటిన నడుం నొప్పికి టెన్స్ (చర్మం మీద పెట్టే కరెంటు), అల్ట్రాసౌండ్ (స్కానింగు కాదు, ధ్వని తరంగాలతో చేసే చికిత్స), ట్రాక్షన్ (నడుం లాగిపెట్టడం), బెల్టు మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. దగ్గరుండి నేర్పించే వ్యాయామాన్ని మాత్రం సిఫార్సు చేసింది. డిస్క్ ఉబ్బిందని బెంగపడకండి. నొప్పే లేని 3,110 మంది స్కానింగులు కలిపి చూస్తే, 60 ఏళ్ల వాళ్లలో నూటికి 69 మందికి ఆ ఉబ్బు ఉంది. 2015 నాటి లెక్క ఇది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డ్రైవర్_సుబ్బారావు:
బెల్టు వద్దా? పదకొండేళ్లు బెల్టుతోనే బస్సు నడిపాను మేడమ్.

ఫిజియో_రమ:
అది బెల్టు వల్లే అని ఎలా చెప్తారు సుబ్బారావు గారూ?

డ్రైవర్_సుబ్బారావు:
తీసేస్తే నొప్పి, పెట్టుకుంటే లేదు. ఇంకేం కావాలి?

ఓరుగల్లు_స్వప్న:
వ్యాయామం అనడం తేలికే. నాకూ బొమ్మలున్న కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపారు. నెల తర్వాత తగ్గలేదంటే, "మీరు సరిగ్గా చేయట్లేదు" అన్నారు. పొద్దున ఐదింటికి లేచి ఇద్దరు పిల్లల బాక్సులు సర్దేదాన్ని, చాప ఎప్పుడు పరుచుకోను? తగ్గితే మీ గొప్ప, తగ్గకపోతే మా బద్ధకం!

ఫిజియో_రమ:
బద్ధకం అని నేనన్నానా? వేరే ఎవరి మీదో కోపం నా మీద చూపిస్తే ఎలా? నిజం చెప్పమంటారా, నా దగ్గరా రెండు మెషీన్లున్నాయి. పెట్టకపోతే, "ఏం చేశారని డబ్బులు?" అని రెండో రోజు రారు. వ్యాయామం నేర్పడానికి నలభై నిమిషాలు పడుతుంది, దానికి ఫీజంటే మొహం చిట్లిస్తారు.

ఓరుగల్లు_స్వప్న:
మరి పనిచేయదని తెలిసీ పెడుతున్నారన్నమాట. మమ్మల్నెందుకు అంటారు!

డ్రైవర్_సుబ్బారావు:
బెల్టు సంగతి తేల్చలేదు.

ఫిజియో_రమ:
శీను గారూ, ఆ పది రోజులూ ఇంటి పని ఎవరు చేశారు?

తెనాలి_శీను:
చెల్లి వచ్చిందండి. బోరు దగ్గర్నుంచి బిందెలు అదే మోసింది, గేదెల పనీ అదే చూసింది. అమ్మ ఇరవై నిమిషాలు ఆ మెషీన్ కింద బోర్లా పడుకుని నిద్రపోయేది. లేపితే, "ఇక్కడెవరూ పిలవరు రా" అనేది.

ఓరుగల్లు_స్వప్న:
అదీ సంగతి.

ఫిజియో_రమ:
అలాగని పూర్తిగా మంచం ఎక్కించకండి, అది ఇంకా చేటు. నిండు బిందె బదులు సగం బిందె, మధ్యలో కాసేపు నడక. వ్యాయామాలు రెండు చాలు, మూడో వారం నుంచి పెంచుదాం. కానీ బిందెలు ఎవరు మోస్తారో ముందు మీ ఇంట్లో తేల్చుకోండి. అది నేను రాసిచ్చేది కాదు.

తెనాలి_శీను:
నేను డ్యూటీకి ఆరింటికే వెళ్లాలండి.

ఓరుగల్లు_స్వప్న:
ఐదింటికి లేవండి.