అప్‌డేట్: అమ్మ నిద్ర, వట్టివేళ్ళ తైలం

చెన్నైకి వచ్చాక అమ్మకు నిద్ర పట్టడం లేదని, వట్టివేళ్ళ తైలం వాడవచ్చా అని వేసవిలో అడిగాను. ఎలా ఉందని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

లావెండర్ కొనమన్నవారూ ఉన్నారు. కానీ అమ్మ వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు చల్లుకుని ఎండాకాలాలు గడిపిన మనిషి. తెలిసిన వాసనే మనసును కుదుటపరుస్తుందని నా నమ్మకం. మైలాపూర్‌లోని ఒక మూలికల దుకాణంలో వట్టివేళ్ళ తైలం దొరికింది. కడలూరు వైపు ఈ వేళ్ళను పంటగా పండిస్తారు.

ఈ తైలం తేనెలా చిక్కగా ఉంటుంది. ఇందులోని ఖుసిమోల్, వెటివోన్ వంటి బరువైన అణువులు చాలా నెమ్మదిగా ఆవిరవుతాయి. అందుకే అత్తరుల తయారీలో ఇతర సుగంధాలను నిలబెట్టడానికి దీన్ని కలుపుతారు. దిండు పక్కన దూదిపై ఒక్క చుక్క వేస్తే తెల్లవారినా వాసన పోదు. నిమ్మ తైలం అంతసేపు నిలవదు. డిఫ్యూజర్‌లో (వాసనను గాలిలోకి వెదజల్లే పరికరంలో) వేసేవారు జాగ్రత్త, చిక్కదనానికి అది మూసుకుపోవచ్చు.

అరికాళ్ళకు రాయడానికి 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో 12 చుక్కలు కలిపాను, అంటే సుమారు 2 శాతం. చర్మానికి పడుతుందో లేదో చూడటానికి ముందుగా మోచేతి లోపలివైపు రాసి ఒక రోజు ఆగాం. దయచేసి ఎవరూ దీన్ని లోపలికి తీసుకోకండి.

అమ్మకు మధ్యలో మెలకువ ఇంకా వస్తోంది. అయితే కంగారుగా లేచి కూర్చోవడం బాగా తగ్గింది. సాయంత్రం కాఫీ మానడం కూడా పనిచేసి ఉండవచ్చు. డాక్టరుగారు థైరాయిడ్ పరీక్ష రాశారు, ఫలితం రావాలి. నువ్వుల నూనె సలహా ఇచ్చిన అక్కకు అమ్మ ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమంది.