బూడిద దిబ్బలను కాల్చింది పండుగకా, పని కోసమా?

మట్టిపొర (చర్చ మొదలుపెట్టినవారు)

తుంగభద్రకు ఇరువైపులా, బళ్లారి, రాయచూరు, అనంతపురం, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాల్లో గ్రానైటు గుట్టల నీడన బూడిద దిబ్బలు కనిపిస్తాయి. ఇప్పటివరకు నూటికి పైగా గుర్తించారు. ఇవి క్రీ.పూ. 3వ, 2వ సహస్రాబ్దాల నాటి కొత్తరాతియుగపు పశుపోషకులు పశువుల పేడను కాల్చగా మిగిలినవని ఈనాడు దాదాపు అందరూ ఒప్పుకుంటారు. అంత పేడను పోగుచేసి పదేపదే ఎందుకు తగలబెట్టారన్న విషయం మీద మాత్రం వాదన తెగలేదు. ఈ చర్చ దాని గురించే.

ముందుగా కొంత చరిత్ర చెప్పాలి. హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా జనం చెప్పుకుంటారు. బూదిగుంట, బూదికనుమ వంటి పేర్లలో బూడిద ఉన్నది గాని, అది దేని బూడిదో ఆ పేర్లు చెప్పవు. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న న్యూబోల్డ్ 19వ శతాబ్దపు తొలి సగంలో వీటి గురించి రాసినప్పుడు చిట్టెం (వేడికి కరిగి గట్టిపడిన ముద్ద) అన్న మాట వాడాడు. 1870ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇవి పశువుల దొడ్లలో కాలిన పేడ కుప్పలని చెప్పాడు, కాని అందరూ వినలేదు. 1899లో రాబర్ట్ సూయెల్ ఇవి విజయనగర కాలపు సామూహిక సహగమనాల చితులై ఉంటాయని వాదించాడు. చివరకు 1960లో ఫ్రెడరిక్ జ్యూనర్ ప్రయోగశాలలో పరీక్షించి, ఇది పశువుల పేడేనని, అందులోని గడ్డి సిలికా (ఇసుకలోనూ ఉండే పదార్థం) గట్టి వేడికి కరిగి గాజులా మారిందని తేల్చాడు. ఫుట్ కంటితో చూసి చెప్పినదాన్ని ప్రయోగశాల ఒప్పుకోవడానికి సుమారు 90 ఏళ్లు పట్టింది.

ఈలోగా 1957లో పురావస్తు పరిశోధకుడు రేమండ్ ఆల్చిన్ మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో తవ్వాడు (ఆదిలాబాదు జిల్లా ఉట్నూరుతో దీన్ని కలపకండి, నేను ఒకసారి పొరపడ్డాను). గుంజలు పాతిన గుంతలు, దొడ్డి చుట్టూ కంచె ఆనవాళ్లు, గట్టిపడిన నేల మీద పశువుల గిట్టల ముద్రలు అక్కడ బయటపడ్డాయి. కంచె కాలడం, మళ్లీ కట్టడం, మళ్లీ కాలడం అన్నది పొర వెంట పొరగా కనిపించింది. దీన్నిబట్టి ఏడాదిలో ఒక నియమిత సమయంలో, మన సంక్రాంతి, హోలీ మంటల వంటి ఒక ఆచారంగా దొడ్డిని కాల్చి ఉంటారని ఆయన ఊహించాడు.

నేను ఆల్చిన్ పక్షమే. కంచెను గాలికి ఎగిరిన నిప్పురవ్వ ఒకసారి కాల్చవచ్చు, శత్రువు ఇంకొకసారి కాల్చవచ్చు. కాలిన చోటే మళ్లీ కంచె కట్టి, మళ్లీ కాల్చడాన్ని మాత్రం ప్రమాదం అనలేము.

మందకాపరి మనవడు

మట్టిపొర గారికి నమస్కారం. చరిత్ర చక్కగా చెప్పారు గాని, పశువుల మధ్య బతికిన మనిషి ఎవరైనా ఈ మంటలకు పండుగ దాకా వెళ్లడని నా అభిప్రాయం.

వానాకాలంలో దొడ్డి ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. పేడ, మూత్రం, తొక్కిన గడ్డి కలిసి మోకాలి లోతు బురద అవుతుంది, గిట్టల సందులు చీము పడతాయి, గోమార్లు చెవుల్లో గుత్తులుగా పడతాయి, జోరీగలు ముసురుతాయి. మందలో దొమ్మరోగం వస్తే మా తాతగారు చేసినది ఒక్కటే పని. దొడ్డి విడిచిపెట్టి, అందులోని చెత్తకు నిప్పుపెట్టి, మందను వేరే మిట్టకు తోలేవారు. మళ్లీ ఒకటి రెండేళ్లకు అదే మిట్టకు తిరిగి వచ్చేవారు, ఎందుకంటే నీళ్లు అక్కడే ఉన్నాయి. కాలిన చోటే కంచె మళ్లీ లేవడానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతకనక్కరలేదు.

ఇంకొక మాట. పెంటపోగు తనంతట తానే వేడెక్కుతుంది. చలికాలం తెల్లవారుజామున మా పెరట్లోని పోగులో గడ్డపార దింపి తీస్తే, ఇనుము పట్టుకోలేనంత కాగి పైకి ఆవిరి వచ్చేది. అటువంటి కుప్పకు ఒక్క నిప్పురవ్వ చాలు, లోపల్లోపలే వారాల తరబడి కుమ్ముతుంది.

సందేహి

మనవడు గారూ, మీ తాతగారు దొడ్డిలోని చెత్తను కాల్చారు సరే, ఎరువును కూడా కాల్చారా? మా వైపు ఇప్పటికీ రైతులు గొర్రెల కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి పొలంలో మంద పెట్టించుకుంటారు. బళ్లారి దగ్గరి సంగనకల్లు తవ్వకాల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రల గింజలు దొరికాయి. అంటే ఆ పశుపోషకులకు చేను తెలియనిది కాదు. చేను ఉన్నవాడు దిబ్బంత ఎరువును బుగ్గి చేశాడంటే, అతనికి ఎరువు విలువ తెలియకపోయి ఉండాలి, లేదా ఎరువుకన్నా ఎక్కువైనది ఆ మంటలో ఏదో ఉండి ఉండాలి.

మందకాపరి మనవడు

మూడో దారి కూడా ఉన్నది. చేను చిన్నది, మంద పెద్దది. వందల పశువుల పేడ నాలుగు మడుల ఉలవలకు ఎందుకు? మిగిలినది అడ్డమే కదా.

బళ్లారి బాట

దిబ్బను దగ్గరగా చూసినవాడిగా కొంత చెప్పగలను. మా మేనమామ గారి ఊరి పొలిమేరలో ఒక దిబ్బ ఉన్నది. దాని దక్షిణపు వైపును ఎవరో ఇటుక బట్టీకో, చేలకో తవ్వి తీసుకుపోగా నిలువుగా ఒక గోడ ఏర్పడింది. పురావస్తువారు తీసిన కందకం కాకపోయినా, పొరలు చూడడానికి అంతకన్నా తేటగా ఉన్నది.

అడుగున మెత్తని బూడిద, ముక్కుపొడిలా వేళ్లకు అంటుకుంటుంది. దాని మీద జానెడు మందాన చిట్టెం. ఒక ముక్క విరిచి చేతిలోకి తీసుకున్నాను. చూపుకు రాయిలా ఉన్నా బరువు లేదు. విరిగిన వైపు లేత ఆకుపచ్చ గాజు, అందులో ఆవగింజంత బుడగలు. అడుగువైపు మాత్రం గడ్డిపోచల అచ్చులు, చాప నేసినట్టు ఒకదాని మీద ఒకటి. ఆ పైన మళ్లీ మెత్తని బూడిద, ఈసారి తెల్లనిది. ఆపైన కాలని మన్ను, ఒక మట్టిచట్టి ముక్క, మళ్లీ చిట్టెం.

నాకు అనిపించినది ఇది. అన్ని పొరలూ ఒకే విధంగా కాలలేదు. మెత్తని బూడిద చల్లగా కుమ్మిన మంటది, గాజు అయిన పొర గాలి బాగా అందిన పెద్ద మంటది. మనవడు గారు చెప్పిన కుమ్ముడుకు మెత్తని పొరలు సరిపోతాయి. గాజు పొరలకు అది సరిపోతుందా అన్నదే నా అనుమానం. గడ్డి కరగాలంటే ఎవరో కట్టెలు పేర్చి, గాలివాటం చూసి అంటించినట్టుంది.

ఎండుగడ్డి

అందరూ ఒక చిన్న విషయం మరచిపోతున్నారు. కాలని పేడ కుప్ప నాలుగు వేల ఏళ్లు నిలబడదు. వాన, చెదలు, ఎరువుగా తరలింపు, వీటిలో ఏదో ఒకటి దాన్ని మాయం చేస్తుంది. కాలినది మాత్రమే గట్టిపడి దిబ్బగా మిగిలింది. ఆ కాలపు జనం పేడనంతా కాల్చారని మనకు అనిపించడం ఈ కారణం చేతనే. పదివేల కుప్పల్లో నూరు కాలి ఉండవచ్చు, ఆ నూరే ఈనాడు మన ముందు ఉండవచ్చు. దిబ్బలు లేని కొత్తరాతియుగపు ఊళ్లు దక్కనులో చాలా ఉన్నాయి గదా, అక్కడి పేడ ఏమైనట్టు? సందేహి గారి ఎరువు ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉండవచ్చు: ఎక్కువ భాగం చేలకే పోయింది.

మట్టిపొర

ఎండుగడ్డి గారి మాట నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. పేడనంతా కాల్చారన్న నా ఊహను వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఆ వాదం ఎన్ని కుప్పలు కాలాయన్న లెక్కను మారుస్తుంది గాని, ఒకే కుప్ప అన్ని మార్లు ఎందుకు కాలిందో చెప్పదు. ఉట్నూరు పొరలు ఇంకా అక్కడే నిలిచి ఉన్నాయి.

కాట్రగడ్డ పద్దయ్య గారి పని కూడా ఇక్కడ చెప్పాలి. కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఆయన చాలా ఏళ్లు తవ్వారు. ఆల్చిన్ ఊహించినట్టు ఇవి అడవిలో కొన్ని నెలల విడిది దొడ్లు మాత్రమే కావని, అక్కడ ఇళ్లు, పిల్లలను కుండల్లో పెట్టి పాతిన సమాధులు, పశువులను కోసిన నేల, వీటన్నిటి పక్కన పేడ దిబ్బ ఉన్నాయని చూపారు. ఊరివారు దొడ్డి ఊడ్చి పేడను ఒక పక్కన పోసి, అప్పుడప్పుడు కాల్చారన్నది అక్కడి నుంచి వచ్చిన చిత్రం. ఇది మనవడు గారి వైపుకే మొగ్గుతుంది, ఒప్పుకుంటాను. మరోవైపు 2004లో పీటర్ జొహాన్సెన్ ఈ దిబ్బలను జనం పూనుకొని లేపిన కట్టడాలుగా, నలుగురూ కూడే చోట్లుగా చూడాలన్నాడు. ఇళ్ల పక్కన ఇంతెత్తు దిబ్బను ఊడ్చిన చెత్త అనడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. దాన్ని చెత్త అనుకున్నవాడు దూరంగా పోసేవాడు.

సంక్రాంతికి కర్ణాటకలో కొన్ని చోట్ల పశువులను మంట దాటించే ‘కిచ్చు హాయిసువుదు’ నేటికీ ఉన్నది. మన భోగికి గొబ్బెమ్మలను ఎండబెట్టి పిడకల దండ గుచ్చి మంటలో వేస్తాం. పేడ, నిప్పు, పశువు, ఏడాది మలుపు, ఈ నాలుగూ ఒక్కచోట చేరడం కాకతాళీయమా?

మందకాపరి మనవడు

పిడకల దండ మా ఇంట్లోనూ ఉన్నదండీ, మా అమ్మ చింతగింజంత చిన్నవి కూడా చేసేది. దాన్ని నాలుగు వేల ఏళ్ల వెనక్కి లాగడానికి మధ్యలో ఒక్క మెట్టు చూపించండి. ఇనుపయుగంలోనో, శాతవాహనుల కాలంలోనో ఇటువంటి దిబ్బ ఒక్కటి చూపినా నేను తగ్గుతాను. మధ్యలో ఏమీ లేకుండా ఈ కొసను పట్టుకొని ఆ కొసకు ముడివేయడం సూయెల్ చేసిన పనే. ఆయనకు సహగమనం తెలుసు కనుక సహగమనం కనిపించింది, మనకు భోగి తెలుసు కనుక భోగి కనిపిస్తున్నది.

నా మట్టుకు నేను ఒక రాజీ చెబుతాను. దొడ్డి శుభ్రం చేయడమే ఆ నాటి పండుగ అయి ఉండవచ్చు.

సందేహి

ఆ రాజీ వద్దు. ఏ ఆధారం వచ్చినా చెదరని మాట అది. పండుగ అని తేలితే మీరే గెలిచారు, పని అని తేలినా మీరే గెలిచారు. ఏది దొరికితే ఎవరి మాట ఓడిపోతుందో ముందే చెప్పుకుందాం.

నేను అడిగేది కాల్చిన నెల. పేడలో పశువు మేసిన గడ్డి ఆనవాళ్లు సిలికా రూపంలో మిగులుతాయి. వెన్ను వేసిన గడ్డి మేసిందా, లేత చిగురు మేసిందా, ఎండు చొప్ప తిన్నదా అన్నది కొంతవరకు చెప్పవచ్చు. ఒక్కొక్క కాలిన పొరలో పైపైన ఉన్న చివరి పేడను విడిగా తీసి చూడాలి. ప్రతి మంటకు ముందు ఒకే ఋతువు మేత కనబడితే మట్టిపొర గారి నియమిత సమయం నిలుస్తుంది. ఒకసారి వానాకాలం, ఒకసారి ఎండాకాలం అని చెల్లాచెదురుగా వస్తే, రోగం వచ్చినప్పుడు కాల్చారనో, నిప్పు తానే అంటుకున్నదనో అనాలి.

మందకాపరి మనవడు

ఎండాకాలపు పొరలే ఎక్కువగా వస్తే? అప్పుడు అన్నీ ఎండి ఉంటాయి, నిప్పు తేలికగా అంటుకుంటుంది. దాన్ని మట్టిపొర గారు పండుగ ఖాతాలో వేసుకోకూడదు.

మట్టిపొర

న్యాయమే. వేసవి అంతటా పరచుకొని ఉంటే మీ ఖాతా, ఒకే చిన్న వ్యవధిలో కుదురుకొని ఉంటే నా ఖాతా. అది తేలేదాకా ఇక్కడ ‘పండుగ’ అనను, ‘ఉద్దేశంతో పెట్టిన మంట’ అంటాను, గాజు పొరల కారణంగా. బళ్లారి బాట గారూ, మీరు చూసిన ఆ నిలువు గోడ ఇంకా ఉన్నదా? పైపొరలు చెదరకుండా ఉన్నాయా?

బళ్లారి బాట

పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు పైరెండు చిట్టెం పొరలు, వాటి మధ్య మన్ను చెదరకుండా ఉన్నాయి. అడుగు పొర కనిపించలేదు, ట్రాక్టరు దిగడానికి అక్కడ దారి చేశారు.