మందు మాన్పించే మాత్రను చెప్పకుండా కలిపి పెట్టవచ్చునా?

ప్రశ్న (రాజాం): మా అన్నయ్య పదేళ్లుగా తాగుతున్నాడు. తెలిసినవారొకరు డైసల్ఫిరామ్ మాత్రలిచ్చి, పొడిచేసి పులుసులో కలపమన్నారు. వదిన ఆ పొట్లాన్ని పోపుల పెట్టెలో దాచి, రోజూ తీసి చూసి, మళ్లీ అక్కడే పెడుతోంది. పెట్టవచ్చునా?

జవాబు: దయచేసి పెట్టకండి. మద్యం శరీరంలో మొదట అసిటాల్డిహైడ్‌గా మారి, తర్వాత విరిగిపోతుంది. ఈ మాత్ర ఆ రెండో మెట్టును అడ్డుకోవడం వల్ల, సంగతి తెలియక తాగిన మనిషికి ముఖం ఎర్రబడి, గుండెదడ, వాంతులు పుట్టి, రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మాత్ర ఆపినా 14 రోజుల వరకు ఆ ముప్పు పోదు. మనిషికి చెప్పి, ఒప్పించి వాడవలసిన మందు ఇది.

జవాబు (పలాస): తాగాలన్న తహతహను తగ్గించే మందులు వేరే ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ సాధారణంగా రోజుకు 50 మిల్లీగ్రాములు; కాలేయ పరీక్ష చూసి రాస్తారు. అకాంప్రోసేట్ మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది కనుక, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వాళ్లయితే ముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించుకోవాలి. ఇక్కడ ఆ మాట ఎవరికీ కొత్త కాదు లెండి.

జవాబు: రోజూ తాగేవారిచేత ఉన్నట్టుండి మాన్పిస్తే ఫిట్స్ రావచ్చు, మానసిక వైద్యుని పర్యవేక్షణలోనే మాన్పించండి. 14446కు ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

ప్రశ్న అడిగినవారు: పొట్లం తీయించేశాను. అన్నయ్యతో వదినే మాట్లాడతానంది.