1967 మస్టాంగ్‌కి వేలంలో ఎంత దాకా పాడొచ్చు?

ప్లేనో_చిన్నోడు:
డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. ఒక ఆన్‌లైన్ వేలంలో 1967 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్ ఉంది, ముదురాకుపచ్చ రంగు. బండి ఒహాయోలో ఉంది. పాట ఇప్పుడు 19,500 డాలర్ల దగ్గర నడుస్తోంది, వచ్చే గురువారం సాయంత్రం ముగుస్తుంది. నా దగ్గర మొత్తం 28,000 ఉన్నాయి. ఇంట్లో ఒప్పించడానికే రెండేళ్ళు పట్టింది. ఫొటోల్లో పెయింట్ అద్దంలా మెరుస్తోంది. వేలం అంటే నాకు తెలిసింది చిన్నప్పుడు చూసిన బాలాపూర్ లడ్డూ పాట ఒక్కటే. 28,000 దాకా వెళ్ళొచ్చా? రేపు అమ్ముకోవాల్సి వస్తే డబ్బు తిరిగొస్తుందా?

హ్యూస్టన్_బాబాయ్:
ముందు లెక్క చూడు బాబూ. చాలా ఆన్‌లైన్ వేలాల్లో కొన్నవాడి మీద 5 శాతం రుసుము పడుతుంది. హాల్లో జరిగే పెద్ద వేలాల్లో అయితే 10 శాతం మామూలే. ఆపైన మన టెక్సస్ పన్ను 6.25 శాతం. ఒహాయో నుంచి ట్రక్కు మీద తేవడానికి 1,200 అనుకో. నీ పాట 24,000 అయితే రుసుము 1,200, పన్ను 1,500, ట్రక్కు 1,200, మొత్తం 27,900. అక్కడికి నీ జేబు ఖాళీ. టైర్లు పాతవైతే మళ్ళీ ఇంట్లో చెయ్యి చాపాలి.

పెయింట్ సంగతి వదిలెయ్. నేనూ పెయింట్ చూసే మోసపోయాను. నా మొదటి మస్టాంగ్ కూడా 67దే. ప్రకటనలో '289 ఇంజన్ అమర్చబడింది' అని రాశారు. 289 అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, అదే వీ8. ఆ 'అమర్చబడింది' దగ్గర నేను ఆగాల్సింది, ఆగలేదు. బండి ఇంటికొచ్చాక మా పక్కింటి ముసలాయన చక్రం వైపు చూసి, 'నాలుగే నట్లున్నాయేం?' అన్నాడు. ఆ కాలంలో ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి చక్రానికి నాలుగు నట్లు, వీ8కి ఐదు. ఫ్యాక్టరీలో బండి మీద కొట్టిన నంబర్లో (VIN) ఐదోది చూస్తే 'టి' ఉంది. అంటే ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చిన బండి, మధ్యలో ఎవరో వీ8 దింపారు. బ్రేకులు మాత్రం పాతవే. అమ్మినవాడు అబద్ధం ఆడలేదు, నేనే చదువుకోలేదు. నీ బండికి ఆ అక్షరం 'సి' ఉంటే 289 ఫ్యాక్టరీదే. నంబరు డ్రైవర్ తలుపు మీది రేకుపైనా, బానెట్ లోపల ఎడమ పక్కనా ఉంటుంది. రెండూ ఒకటేనా అని ఫొటో అడుగు.

ఇంకోటి, ఒహాయోలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ముందు అద్దం కింద గాలి వెళ్ళే జాలీ ఉంటుంది చూడు, ఈ బండ్లు ముందు అక్కడే తుప్పు పడతాయి. అందులో చెంబెడు నీళ్ళు పోయించి, లోపల కార్పెట్ తడుస్తుందేమో చూడమను. తడిస్తే డ్యాష్‌బోర్డ్ ఊడదీసి, రేకు కోసి, మళ్ళీ వెల్డింగ్ చేయించాలి. ఆ బిల్లు నేను కట్టాను కాబట్టి చెబుతున్నాను.

బాలాపూర్ లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. అది దేవుడి ప్రసాదం, ఎంతకైనా పాడతారు. ఇది ఇనుము.

ఫ్రిస్కో_రెంచి:
బాబాయ్ చెప్పినవన్నీ నువ్వు ఇక్కడ కూర్చుని చూడలేవు తమ్ముడూ. ఒహాయోలోనే పాత బండ్లు చేసే మెకానిక్‌ని పట్టుకుని పంపించు. మూడు నాలుగొందలు అవుతుంది, అవనీ. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో అడుగు. టైటిల్, అంటే బండి ఓనర్ కాగితం, అమ్మేవాడి పేరు మీదే ఉందో లేదో కూడా చూడు. చివరి నిమిషంలో పాట పాడి ఎగరేసుకుపోదామనుకోకు. చాలా చోట్ల చివర్లో ఎవరైనా పాడితే గడియారం ఇంకో రెండు నిమిషాలు పొడిగిస్తారు. అసలు వేలంవెర్రి అప్పుడే మొదలవుతుంది.

ఆస్టిన్_అక్క:
అమ్మకం గురించి కూడా అడిగారు కదండీ. మా ఆయన కారు మేం రిజర్వ్ ధర, అంటే అంతకన్నా తక్కువకి అమ్మం అని, పెట్టి వేలానికిచ్చాం. పాట అక్కడి దాకా రాలేదు, కారు ఇంటికి తిరిగొచ్చింది. ఆ ఆగిపోయిన పాట అందరికీ కనిపిస్తుంది. తర్వాత ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ దానికన్నా వెయ్యి తగ్గించే అడిగారు. చివరికి క్లబ్బులో తెలిసినాయనకి ఇచ్చేశాం. నష్టమే, కానీ నాలుగేళ్ళు ఆదివారాలు బాగా తిరిగాం లెండి.

ప్లేనో_చిన్నోడు:
నిన్న మెకానిక్ వెళ్ళి చూశాడు. అక్షరం 'సి', నట్లు ఐదు, రెండు చోట్లా నంబరు ఒకటే. చెంబు నీళ్ళు పోస్తే డ్రైవర్ పక్క కార్పెట్ తడిసింది 😞 అందుకని నా పాట హద్దు 20,000కి దించుకున్నాను. ఇప్పుడే చూశాను, అవతల 21,250 పాడేశారు. చేతులు దురదపెడుతున్నాయి బాబాయ్.

హ్యూస్టన్_బాబాయ్:
గురువారం సాయంత్రం ఫోన్ మీ ఆవిడ చేతికిచ్చెయ్.