ఉఫిజి గ్యాలరీకి ప్రాధాన్య ప్రవేశ టికెట్టు నిజంగా అవసరమా?

ప్రశ్న: దూరబాటసారి

నమస్కారం. ఏప్రిల్ చివరి వారంలో మేము కుటుంబంతో ఫ్లోరెన్స్ వెళ్తున్నాము. అందులో ఒక పూటను పూర్తిగా అక్కడి ప్రసిద్ధ చిత్రకళా మ్యూజియం ఉఫిజి గ్యాలరీకే కేటాయించాలని నిర్ణయించుకున్నాము. టికెట్ల కోసం వెతికితే ‘ప్రాధాన్య ప్రవేశం’, ‘క్యూ లేకుండా నేరుగా లోపలికి’ వంటి పేర్లతో ఎన్నో రకాల టికెట్లు కనిపిస్తున్నాయి. గ్యాలరీ సొంత వెబ్‌సైటులో ఉన్న ధరకు దాదాపు రెట్టింపు చెప్పే సంస్థలూ ఉన్నాయి. ఆ అదనపు సొమ్ముకు మనకు దక్కేది ఏమిటో వాటి వివరణలు ఎంత చదివినా నాకు బోధపడలేదు.

మాతో మా అమ్మగారు, పదహారేళ్ల మా అమ్మాయి వస్తున్నారు. అమ్మ మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువసేపు నిలబడలేరు. అమ్మాయికి పునరుజ్జీవన కాలపు చిత్రకారుడు బొటిచెల్లి చిత్రాలన్నా, మైకెలాంజెలో చెక్కిన డేవిడ్ విగ్రహమన్నా ఎంతో ఆసక్తి. మాకు అన్ని విధాలా అనుకూలమైన రోజు ఏప్రిల్ 25, కానీ గ్యాలరీ వెబ్‌సైటులో ఆ ఒక్క రోజుకే బుకింగు కనిపించడం లేదు. ప్రాధాన్య టికెట్టు మనకు ఏ క్యూను తప్పిస్తుంది, దేన్ని తప్పించలేదు, ఏ సమయానికి వెళ్తే మేలు అన్న విషయాలు స్వయంగా చూసి వచ్చినవారు చెప్పగలరా?

జవాబు: నిదానం

ముందుగా తేదీ సంగతి చెప్తాను, ఎందుకంటే మీ ప్రణాళికలో అన్నిటికంటే పెద్ద చిక్కు అక్కడే ఉంది. ఏప్రిల్ 25 ఇటలీలో విమోచన దినోత్సవం. ఆ రోజు, అలాగే జూన్ 2న, నవంబరు 4న, ప్రతి నెలా మొదటి ఆదివారం నాడు ప్రభుత్వ మ్యూజియాలలో అందరికీ ఉచిత ప్రవేశం ఉంటుంది. ఉచిత ప్రవేశ దినాలలో ముందస్తు బుకింగు ఉండదు, కాబట్టి ప్రాధాన్య ప్రవేశం అనేదే ఉండదు. వచ్చినవాళ్లంతా వరుసలో నిలబడవలసిందే. అంటే వెబ్‌సైటు మీకు సరైన సమాచారమే చూపిస్తున్నది. నిలబడలేని పెద్దావిడను వెంటబెట్టుకుని ఆ రోజు వెళ్లడం మంచిది కాదు. సోమవారాలు గ్యాలరీ మూసి ఉంటుంది కనుక ఆ వారంలో మిగిలిన రోజుల్లో ఒకటి ఎంచుకోండి. మంగళవారం నాడు ముందురోజు సెలవు కారణంగా రద్దీ కొంత ఎక్కువగానే ఉంటుందని గుర్తుంచుకోండి.

ఇక టికెట్టు విషయం. గ్యాలరీ దృష్టిలో ప్రాధాన్య ప్రవేశమంటే ఫలానా సమయానికి లోపలికి రావడానికి ముందుగా చేసుకున్న రిజర్వేషను మాత్రమే. 2025లో పూర్తి టికెట్టు 25 యూరోలు, ముందస్తు బుకింగు రుసుము 4 యూరోలు. బయటి సంస్థలు అమ్మేది కూడా ఇదే రిజర్వేషను. దానికి గైడునో, వినే పరికరాన్నో, ద్వారం దగ్గర టికెట్టు చేతికిచ్చే మనిషినో జోడించి ఎక్కువ ధర పెడతాయి. మంచి గైడు కావాలనుకునేవారికి ఆ డబ్బు దండగ కాదు. త్వరగా లోపలికి వెళ్లడం ఒక్కటే మీ ఉద్దేశమైతే మాత్రం టికెట్టు ధరతో పాటు ఆ బుకింగు రుసుము చెల్లిస్తే సరిపోతుంది. పద్దెనిమిదేళ్ల లోపు వారికి, ఏ దేశస్థులైనా, ప్రవేశం ఉచితం కాబట్టి మీ అమ్మాయికి బుకింగు రుసుము తప్ప మరేమీ అవసరం లేదు. ఆమె పాస్‌పోర్టు మాత్రం వెంట ఉంచుకోండి. బయటి సంస్థలు కొన్ని పిల్లల దగ్గర కూడా పెద్దల ధరే వసూలు చేస్తాయి, కాబట్టి కొనే ముందు ఆ వివరం చదవాలి.

అక్కడ మొదటిసారి వెళ్లినవారిని తికమక పెట్టేది ద్వారాల ఏర్పాటు. ముందుగా బుక్ చేసుకున్నవారు లోపలికి వెళ్లేది ఒకటో నంబరు ద్వారం నుంచి, బుక్ చేసుకోనివారు టికెట్టు కొనడానికి నిలబడేది రెండో ద్వారం దగ్గర. బుకింగు రసీదును అసలు టికెట్టుగా మార్చుకునే కౌంటరు మూడో ద్వారంలో, ఆవరణకు అవతలి పక్కన ఉంటుంది. రసీదు పట్టుకుని నేరుగా ఒకటో ద్వారానికి వెళ్లి, సిబ్బంది వెనక్కి పంపితే ఆవరణ దాటి పరుగులు తీసేవారు రోజూ కనిపిస్తారు. మీ చేతిలో ఉన్నది రసీదా, టికెట్టా అన్నది ముందే చూసుకుని, నిర్ణీత సమయానికి కనీసం పావుగంట ముందు అక్కడ ఉండండి.

ప్రాధాన్య టికెట్టు తప్పించేది టికెట్టు కొనే క్యూను మాత్రమే. భద్రతా తనిఖీ అందరికీ ఒకటే. పెద్ద సంచులు, గొడుగులు క్లోక్‌రూములో ఇవ్వాలి, మళ్లీ తీసుకోవడానికి అక్కడ కూడా కాసేపు నిలబడాలి. లోపల బొటిచెల్లి గదిలో ఉండే జనాన్ని ఏ టికెట్టూ తగ్గించలేదు.

జవాబు: రంగులరేఖ

నిదానం గారు చెప్పిన చివరి మాట దగ్గరే అసలు విషయం మొదలవుతుంది. గుమ్మం దగ్గర గంట మిగుల్చుకున్నవాళ్లు ఆ గంటను లోపల ఎలా ఖర్చు పెడుతున్నారన్నది ఎవరూ ఆలోచించరు. కొన్ని స్లాట్లకు ప్రాధాన్య టికెట్టు ఉన్నా లేకపోయినా చిత్రాలు సరిగ్గా కనిపించవు. గ్యాలరీ ఉదయం 8:15కు తెరుస్తారు, సాయంత్రం 6:30కు మూసేస్తారు. నా సలహా తెరిచే వేళకు వెళ్లడం. అది కుదరకపోతే మధ్యాహ్నం మూడు దాటాక వెళ్లండి. పదింటి నుంచి ఒంటిగంట వరకు పర్యాటక బృందాలన్నీ ఒకదాని వెనక ఒకటి అవే గదుల్లోకి వస్తాయి.

తెరిచే వేళకు వెళ్లగలిగితే ఒక చిన్న ఉపాయం ఉంది. సాధారణంగా అందరూ రెండో అంతస్తుకు ఎక్కి, తూర్పు వసారాలో మొదటి గది నుంచి వరుసగా చూస్తూ వస్తారు. మీరు నేరుగా బొటిచెల్లి గదులకు వెళ్లండి. ‘వసంతం’, ‘వీనస్ జననం’ రెండూ అక్కడే ఉన్నాయి. జనం చేరకముందు ఆ రెండింటినీ తీరికగా చూసి, ఆ తర్వాత వెనక్కి వచ్చి మొదటి గదులు చూడవచ్చు. సుమారు 1480 నాటి ‘వసంతం’ చెక్క పలక మీద వేసినది, దానికి కొద్ది సంవత్సరాల తర్వాతి ‘వీనస్ జననం’ కాన్వాసు మీద వేసినది. దగ్గరగా నిలబడగలిగితే రంగు పట్టిన తీరులోనే ఆ తేడా తెలుస్తుంది. ‘వసంతం’లో కాళ్ల కింద ఉన్న పూలమొక్కలను మీ అమ్మాయికి తప్పక చూపించండి. వృక్షశాస్త్రజ్ఞులు ఏ మొక్క ఏదో గుర్తించగలిగినంత ఓపికగా బొటిచెల్లి వాటిని చిత్రించాడు. గుంపు వెనక నిలబడితే కనిపించేది పై సగమే, పూలు కనిపించవు.

వెనక్కి వచ్చినప్పుడు మొదటి గదుల్లో ఒకదాన్ని మాత్రం వదిలిపెట్టవద్దు. చిమబుయే, దుచ్చియో, జొట్టో అనే ముగ్గురు చిత్రకారులు సింహాసనం మీద కూర్చున్న మేరీ మాతను చిత్రించిన మూడు పెద్ద పలకలు ఒకే గదిలో ఉన్నాయి. దుచ్చియో పలక 1285లో చేయించినది, జొట్టో చిత్రం 1300 తర్వాతి దశకానిది. మొదటి రెండింటిలో మేరీ మాత బంగారు నేపథ్యం మీద తేలుతున్నట్టు ఉంటుంది. జొట్టో చిత్రంలో బరువున్న మనిషిలా ఆసనం మీద కూర్చుని ఉంటుంది. పునరుజ్జీవన కాలపు చిత్రకళ గురించి పుస్తకాలు పేజీల కొద్దీ చెప్పే మార్పును ఆ గదిలో తల తిప్పి చూస్తే చాలు. అయినా బొటిచెల్లి కోసం తొందరపడే జనం ఈ గదిని నిమిషంలో దాటేస్తారు, మీకు కావలసినంత చోటు దొరుకుతుంది.

పియెరో దెల్లా ఫ్రాంచెస్కా వేసిన ఉర్బీనో ప్రభు దంపతుల చిత్రాలను వెనక నుంచి కూడా చూడండి. ఆ పలకలకు రెండు వైపులా చిత్రాలున్నాయి. ప్రభువు ముఖం ఎడమవైపు నుంచే కనిపించడానికి కారణం పోటీ యుద్ధంలో ఆయన కుడికన్ను పోవడం. లియొనార్డో గదిలో 1481లో మొదలుపెట్టి అసంపూర్ణంగా వదిలేసిన ‘మాగీల ఆరాధన’ (శిశువైన యేసును చూడవచ్చిన జ్ఞానుల చిత్రం) ఉంది. పూర్తయిన చిత్రాలకంటే ఆ సగం గీతల చిత్రమే నాకు ఎక్కువ నచ్చింది. మైకెలాంజెలో వేసిన గుండ్రని చిత్రం ‘దోనీ తొందో’, రాఫెల్ చిత్రాలు దానికి దగ్గరలోనే కనిపిస్తాయి. ‘మోనాలిసా’ ఎక్కడని సిబ్బందిని అడిగేవారిని చూశాను, కానీ అది పారిస్‌లో ఉంది. అడిగినవారిది పూర్తిగా తప్పని కూడా అనలేము, ఎందుకంటే 1911లో దొంగిలించిన ఆ చిత్రం 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లోనే దొరికింది, ఫ్రాన్సుకు తిరిగి పంపే ముందు కొద్ది రోజులు ఉఫిజిలోనే ప్రదర్శనకు పెట్టారు.

మరొక మాట. డేవిడ్ విగ్రహం ఉఫిజిలో లేదు. అది అకాడెమియా గ్యాలరీలో ఉంది, దానికి వేరే టికెట్టు, వేరే సమయం కావాలి. పక్కనున్న సిన్యోరియా చౌకులో నిలబెట్టినది నకలు.

జవాబు: వెచ్చనిగొంగళి

పై ఇద్దరితో చాలావరకు ఏకీభవిస్తూనే చిన్న అభ్యంతరం చెప్తున్నాను. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, పండుగ సెలవులు తప్పించి, మామూలు పనిదినాన వెళ్లేవారికి ఈ రిజర్వేషను తప్పనిసరి కాదు. ఆ కాలంలో రెండో ద్వారం దగ్గర నేను ఎక్కువసేపు నిలబడలేదు. ఈ చర్చను తర్వాత చదివేవారి కోసం ఇది రాస్తున్నాను. మీరు వెళ్లేది ఏప్రిల్ చివర కాబట్టి బుకింగు లేకుండా వెళ్లే సాహసం చేయకండి.

మీ ప్రశ్నలో లేని ఒక ఆకర్షణ గురించి కూడా జాగ్రత్త చెప్పాలి. వసారి అనే వాస్తుశిల్పి 1565లో ఫ్లోరెన్స్‌ను ఏలిన మెడిచి వంశం కోసం కట్టిన ఎత్తైన నడవాను 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. 2025లో ఉఫిజితో కలిపి దాని టికెట్టు 43 యూరోలు. ‘ప్రత్యేక ప్రాధాన్య ప్రవేశం’ అనే మాట దాని ప్రకటనల్లో ఎక్కువగా వినిపిస్తుంది. అందులోకి అడుగుపెడితే నది దాటి అవతలి ఒడ్డున, బోబొలీ తోటల దగ్గర బయటపడతారు, గ్యాలరీలోకి తిరిగి రావడం కుదరదు. అంటే ఆ నడవాకు ఇచ్చిన సమయం లోపలే చిత్రాలన్నీ చూడడం ముగించాలి. అమ్మగారితో వెళ్లేవారికి నేను దాన్ని సూచించను.

దూరబాటసారి

అందరికీ కృతజ్ఞతలు. ఏప్రిల్ 25ను వదిలేసి ఆ ముందు గురువారం ఉదయం 8:15 స్లాటును గ్యాలరీ వెబ్‌సైటులోనే చూసుకుంటున్నాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. చిత్రాలు రెండో అంతస్తులో ఉన్నాయంటున్నారు, అమ్మ అన్ని మెట్లు ఎక్కగలరా? మధ్యలో అలసిపోతే బయటికి వచ్చి, కొంత విశ్రాంతి తీసుకుని మళ్లీ అదే టికెట్టుతో లోపలికి వెళ్లవచ్చా?

జవాబు: నిదానం

అదే టికెట్టుతో రెండోసారి ప్రవేశం ఇవ్వరు. బయటికి వచ్చారంటే ఆ సందర్శన ముగిసినట్టే. అందుకే విశ్రాంతి లోపలే తీసుకునేలా చూసుకోవాలి. మెట్లు నిజంగానే ఎక్కువ, పైగా పాత కట్టడం కావడం వల్ల ఒక్కో వరుస చాలా పొడుగ్గా ఉంటుంది. నడవడం కష్టమైనవారికి లిఫ్టు ఉంది. తనిఖీ పూర్తయిన వెంటనే అక్కడి సిబ్బందికి అమ్మగారి పరిస్థితి చెప్పి లిఫ్టు అడగండి, మొహమాటపడి మెట్ల వైపు వెళ్లకండి. చక్రాల కుర్చీ కావాలన్నా ప్రవేశం దగ్గరే అడగాలి. పైన పొడవైన వసారాలలో అక్కడక్కడ బెంచీలు ఉన్నాయి. మీరిద్దరూ గదుల్లోకి వెళ్లినా అమ్మగారు వసారాలో కూర్చుని పురాతన శిల్పాలను, చిత్రాలతో నిండిన పైకప్పును చూడవచ్చు. దక్షిణపు చివరన కిటికీల నుంచి ఆర్నో నది, పాత వంతెన కనిపిస్తాయి. నాకు ఆ చోటు కొన్ని గదులకంటే బాగుంది.

జవాబు: రంగులరేఖ

పశ్చిమ వసారా చివర ఉన్న కాఫీ హోటలు ఆరుబయట మిద్దె మీద ఉంటుంది, పాత రాజప్రాసాదపు గడియారస్తంభం ఎదురుగానే కనిపిస్తుంది. రెండో అంతస్తు పూర్తికాగానే అక్కడ అరగంట కూర్చోండి. ఎందుకంటే కారవాజియో ‘మెడూసా’, అర్తెమీసియా జెంతిలెస్కీ ‘జూడిత్’ దిగువన మొదటి అంతస్తులో, దారి ముగింపు దగ్గర ఉన్నాయి. పైన అలసిపోయిన జనం వాటిని దాదాపు చూడకుండానే బయటి తలుపు వైపు నడిచిపోతారు.

ఫోటోల విషయంలో అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి. ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు, సెల్ఫీ కర్రలకు అనుమతి లేదు. 2025 జూన్‌లో ఒక సందర్శకుడు చిత్రంలోని మనిషి భంగిమను అనుకరిస్తూ ఫోటో దిగబోయి, వెనక్కి తూలి, పద్దెనిమిదో శతాబ్దపు మెడిచి యువరాజు చిత్రపటాన్ని చించాడు. అప్పటి నుంచి సిబ్బంది ఈ విషయంలో చాలా నిక్కచ్చిగా ఉంటున్నారు.

దూరబాటసారి

గురువారం ఉదయపు స్లాటు దొరికింది, మాకు ఇద్దరికీ పూర్తి టికెట్లు, అమ్మాయికి ఉచిత టికెట్టు తీసుకున్నాను. వచ్చినది రసీదే కాబట్టి ముందుగా మూడో ద్వారానికే వెళ్తాము. అకాడెమియాకు మరుసటి రోజు మధ్యాహ్నం చూస్తున్నాను.